దాన్బి గుర్తింపు కార్డు

వార్డు ఆఫీసు నుంచి మూడో నోటీసు కూడా వచ్చింది. దాన్బి దాన్ని నాలుగు మడతలు పెట్టి సూప్ గిన్నె కింద పెట్టుకుంది, హోటల్ బల్ల మీద మరక పడకుండా.

"పదిహేడు నిండి ఏడాది కావస్తోంది. గుర్తింపు కార్డు తీసుకోవడానికి ఏమిటే నీకు నొప్పి?" అన్నాడు డిటెక్టివ్ సోక్.

"ఫొటోలో చెవులు కనపడాలట బాబాయ్. నా చెవులు బాగోవు."

"నా మొహం చూడు. ముప్పయ్యేళ్లుగా పోలీసు కార్డు మీద అతికించుకుని తిరగడం లేదూ?"

దాన్బి నవ్వింది. నవ్వుతూనే తన గిన్నెలోని పందిమాంసం ముక్కలు ఏరి అతని గిన్నెలో వేసింది. సోక్ వద్దనలేదు. బుసాన్ మహానగరం మొత్తంలో అతనికి వడ్డించే మనిషి ఈ పిల్ల ఒక్కతే. భార్య ఏనాడో వెళ్లిపోయింది. "నా మొహం కన్నా ఆ వేలిముద్రనే ఎక్కువ చూశావు" అని చెప్పి మరీ వెళ్లింది. అందులో అబద్ధమేమీ లేదు కాబట్టి సోక్ వాదించలేదు.

ఆ వేలిముద్ర తొమ్మిదేళ్ల నాటిది.

దాన్బి తండ్రి తాగి పడుకున్న ఒక చలికాలపు రాత్రి, ఇల్లు వెచ్చబెట్టే బాయిలర్ పొగగొట్టానికి ఎవరో బయటి నుంచి ప్లాస్టిక్ సంచి చుట్టి టేపు అంటించారు. పొగంతా ఇంట్లోకే వచ్చింది. తెల్లారి ఆయన లేవలేదు. దాన్బి ఆ రాత్రి వీధి చివర అమ్మమ్మ ఇంట్లో ఉండబట్టి బతికింది.

టేపు జిగురు వైపు సగం వేలిముద్ర దొరికింది. చిన్నది. ఆడమనిషిదే అయ్యుంటుందన్నారు నిపుణులు.

ఆడమనిషి అనగానే సోక్ నేరుగా వెళ్లి పక్కవాటా ఓక్‌సున్ తలుపు కొట్టాడు. ఎండుచేపలు అమ్ముకునే మనిషి. ఆ తండ్రి కూతురి మీద చెయ్యి చేసుకున్నప్పుడల్లా పిల్లను తన గదిలో దాచేది. ఒకసారి వీధిలో నిలబడి, "వాడు చస్తే గాని ఈ పిల్ల బతకదు!" అని అరిచింది. వీధంతా విన్నది. అడగ్గానే వీధంతా సాక్ష్యం చెప్పింది.

ముద్ర ఫలితం వచ్చేలోగా పేపర్లు తీర్పు రాసేశాయి. ఓక్‌సున్ దగ్గర చేపలు కొనేవాళ్లు లేకపోయారు. ఆమె పురుగుమందు తాగింది. ముద్ర ఆమెది కాదని మర్నాడు తేలింది.

ఆ తర్వాత దేశమంతా గాలించినా ఆ ముద్రకు జోడీ ఏ కంప్యూటర్లోనూ దొరకలేదు. ఈ నెలాఖరుకు సోక్ రిటైరవుతున్నాడు. ఇక ఆ ఫైలు తెరిచే నాథుడు ఉండడు. తండ్రి ఫొటో ముందు చామంతులు పెడుతున్న చిన్నారి దాన్బికి ఆనాడు ఒక మాటిచ్చాడు, పట్టుకుంటానని. అమ్మమ్మ కూడా పోయి పిల్ల అనాథాశ్రమానికి చేరాక, ప్రతి శనివారం వచ్చి ఇలా సూప్ తాగిస్తున్నాడు. మాట నిలబెట్టుకోలేనివాడు ఇంకేం చేయగలడు?

"ఇక ఆ కేసు వదిలేయండి బాబాయ్" అంది దాన్బి.

"చచ్చినా వదలను. ఇద్దర్ని పొట్టన పెట్టుకుందది, ఎవత్తో గాని."

"ఓక్‌సున్ పిన్ని కూడా ఆ లెక్కలోకేనా?"

"కాక? ఆ టేపు అంటించకపోతే ఆవిడ బతికుండేది. నేను వెళ్లి ఆ తలుపు కొట్టకపోయినా బతికుండేది. అందులో సగం పాపం నాది. నా సగం నేను రోజూ మోస్తున్నాను."

దాన్బి చెంచా కింద పెట్టింది.

"ఏమ్మా, ఉప్పు తక్కువైందా?" అని వంటగదిలోంచి హోటలావిడ కేకేసింది.

"లేదు పెద్దమ్మా, కడుపు నిండింది."



"ఆ మనిషి దొరికితే? దొరికాక కూడా నాతో సూప్ తాగడానికి వస్తారా?" అంది దాన్బి.

"పిచ్చి మొహమా. నేను కేసు కోసమే నీ దగ్గరికి వస్తున్నానా?"

ఆ పిల్ల చాలాసేపు అతని మొహం చూసింది. తర్వాత గిన్నె కింది నోటీసు లాగి, మడతలు విప్పి, అరచేత్తో సాపు చేసింది.

"పదండి, ఇప్పుడే వెళ్దాం. మీరు ఉద్యోగంలో ఉండగానే అయిపోవాలి."

"నా ఉద్యోగానికీ నీ కార్డుకీ ఏమిటే సంబంధం?"

"ఏమీ లేదు. మళ్లీ ధైర్యం చాలదు."

"చెవులు చూపించడానికా?"

"ఆఁ, చెవులకే."

వార్డు ఆఫీసులో కళ్లజోడు గుమాస్తా ఇద్దర్నీ మార్చి మార్చి చూసి, "నాన్నగారా?" అంది. సోక్ నోరు తెరిచేలోగా దాన్బి, "బాబాయ్" అంది. సోక్ టై సర్దుకున్నాడు. ఈ మధ్య ఏ మెడల్ వచ్చినా అంత సంతోషించలేదు.

గుమాస్తా సిరాపెట్టె దగ్గరికి జరిపింది. "పది వేళ్లూ ఒక్కొక్కటే ఇలా దొర్లించాలి. భయపడతావేం తల్లీ, ఇదేమన్నా సూదా? పదిహేడు నిండితే గాని మేం ఎవరి వేళ్లూ అడగం. ఇక బుద్ధిగా ఉండాలి మరి. రేపటికల్లా ఇవి పోలీసుల కంప్యూటర్లో ఉంటాయి."

ఆ జోకు రోజుకు పదిసార్లు వేస్తున్నట్టే ఉంది. సోక్ మర్యాదకు నవ్వాడు.

ఆఖరి వేలు కూడా అయింది. గుమాస్తా కాగితం రుమాలు అందించింది. దాన్బి తీసుకోలేదు. నల్లటి చేతులు రెండూ మణికట్ల దగ్గర కలిపి, సోక్ ముందుకు చాపింది.

"కడుక్కుని రమ్మంటారా బాబాయ్, బేడీలు ఇలాగే వేస్తారా?"