రేసు డ్రైవర్ ఒప్పుకోలు

కారు తాళాలు తెచ్చి హయాత్ చేతిలో పెట్టింది చెంచురామయ్యే.

"అబ్బాయ్, గుంటూరు పెద్దాసుపత్రి. ఎట్టా తోల్తావో నీ ఇష్టం. మనిషి దక్కాలి."

పత్తి వ్యాపారి లక్ష్మీనరసింహం వరండాలో నులకమంచం మీద ఉన్నాడు. గుండె పట్టుకుని పడిపోయి పావుగంటయింది. చొక్కా చెమటకు తడిసి ఒంటికి అంటుకుపోయింది. ఊరి ఆర్.ఎం.పి. నాడి చూసి, గంటలో గుంటూరు చేర్చకపోతే కష్టమని తేల్చేశాడు.

గేటు దగ్గర ఆయన అంబాసిడర్ ఉంది. ఊరికంతటికీ అదొక్కటే కారు. దాన్ని తోలేవాడు సింగరాయకొండలో పెళ్లికి వెళ్లాడు. ఊళ్లో కారు తోలడం వచ్చినవాళ్లు ఇంకెవరూ లేరు. ఆ డ్రైవర్ తోలినా గుంటూరుకు గంటన్నర పైమాటే. హయాత్ అయితే ముప్పావుగంట. ఆ మాట ఊరంతా అనేదే.

ఊరి చేత ఆ మాట అనిపించింది చెంచురామయ్యే. మద్రాసు రోడ్డు మీద అతనిది టీ హోటలు. గాజు బీరువాలో లడ్లు, కారప్పూస తీసేసి హయాత్ గెలిచిన కప్పులు పెట్టాడు. ఆగిన ప్రతి లారీ డ్రైవర్‌కీ వాటిని చూపించేవాడు.

"మా ఊరోడే. మద్రాసు అవతల షోలవరంలో కార్ల పందేలు. ముందు మనోడి కారు. దాని వెనక దుమ్ము. ఆ దుమ్ము వెనక మిగతావాళ్లు."

నవ్వినవాడికి రెండో టీ పోసేవాడు కాదు.

హయాత్ లారీ క్లీనరుగా మద్రాసు వెళ్లాడు. మెకానిక్కయ్యాడు. ఒక షావుకారు రేసు కార్లకు జీతం మీద డ్రైవరయ్యాడు. మూడేళ్ల కిందట, 84లో, అతను షోలవరంలో ఉండగానే ఇక్కడ భార్య కరీమున్‌కు కాన్పు కష్టమైంది. ఎద్దుల బండిలో చిలకలూరిపేట తీసుకెళ్తుంటే దారిలోనే పోయింది. హయాత్ మళ్లీ మద్రాసు వెళ్లలేదు. తల్లి రసూల్‌బీ దగ్గరే ఉండి, ఆయిలింజన్లు బాగుచేసుకుంటున్నాడు.

ఇప్పుడు ఊరంతా అతని చేతిలోని తాళాల వైపే చూస్తోంది.

హయాత్ తాళాలు అరుగు మీద పెట్టేశాడు.

"నాకు రాదు బాబాయ్."

"ఏంటి రాంది?"

"కారు తోలడం."

చెంచురామయ్యకు అర్థం కాలేదు. "ఇది వేళాకోళాలకు వేళ కాదురా."

"వేళాకోళం కాదు. నేను రేసు డ్రైవర్ని కాను. అక్కడ కార్లు నెట్టేవాణ్ణి. చక్రాలు కడిగేవాణ్ణి."

"మరి ఆ కప్పులు?"

"కొన్నా. మద్రాసులో అమ్ముతారు. అడిగితే పేరు కూడా చెక్కిస్తారు."

గుంపులోంచి సోడాబండి బుడే గొంతు లేచింది. "ఒరేయ్ చెంచురామయ్యా! ఇన్నాళ్లూ మాకు ఇత్తడి సామాను చూపించి టీలు అమ్ముకున్నావంట్రా?"

మనిషి చావుబతుకుల్లో ఉన్నా ఇద్దరు ముగ్గురు నవ్వారు.

చెంచురామయ్యకు చెవులు మండిపోయాయి. చెయ్యి ఎప్పుడు లేచిందో తెలియదు. హయాత్ చెంప పేలిపోయింది. అతను కదల్లేదు. తల దించుకునే నిలబడ్డాడు.

లక్ష్మీనరసింహం భార్య శ్యామలాంబ ఎదురుగా వచ్చి చేతులు జోడించింది. "వచ్చినంతే తోలు నాయనా. నెమ్మదిగానే తోలు."

"రానిది వచ్చని చెప్పి తోలితే ఆ పాపం నాకొద్దమ్మా," అన్నాడు హయాత్, తల ఎత్తకుండానే.

ఎవరో ఉమ్మేశారు. హయాత్ కాళ్ల మీద పడింది. తుడుచుకోకుండా వెళ్లిపోయాడు.

ఆఖరికి వెంకయ్య ట్రాక్టరు వచ్చింది. దాని వెనక ట్రక్కులో వరిగడ్డి పరిచి, పైన పరుపు వేసి, మనిషిని పడుకోబెట్టారు. చెంచురామయ్య ఆ తలను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. గతుకు వచ్చినప్పుడల్లా లక్ష్మీనరసింహం కళ్లు తెరిచి, "వచ్చామా?" అని అడిగాడు.

"వచ్చేశాం, ఇంకెంత!" అన్నాడు చెంచురామయ్య.

చిలకలూరిపేట మిల్లుల ముందు పత్తి లారీలు బారులు తీరి ఉన్నాయి. ట్రాక్టరు వాటి వెనకే ఆగిపోయింది. వెంకయ్య హారన్ కొడుతూనే ఉన్నాడు. దారి దొరికేసరికి ఒళ్లో తల బరువెక్కింది.

మూడో రోజున చెంచురామయ్య హోటలు తెరిచాడు. ఒంగోలు లారీ డ్రైవర్ ఒకడు టీ తాగుతూ బీరువా వైపు చూశాడు.

"ఏం పెద్దాయనా, మీ చాంపియన్ ఏం చేస్తున్నాడు?"

చెంచురామయ్య పొయ్యి ఆర్పేశాడు. కప్పులన్నీ గోనెసంచిలో పడేసి హయాత్ ఇంటికి నడిచాడు. దారిలో ఎవరి మొహమూ చూడలేదు.

హయాత్ వసారాలో ఇంజను విప్పుకుని కూర్చున్నాడు. చెంచురామయ్య సంచి అతని ముందు కుమ్మరించాడు.

"నిన్ను తిట్టడానికి రాలేదురా. తిట్టాల్సింది నన్ను. ఆయన పడిపోగానే ట్రాక్టరు గుమ్మంలోకొచ్చింది. దాన్ని వద్దని పంపేసింది నేను. మా హయాత్ ఉన్నాడని నీ కోసం మనిషిని పంపింది నేను. నీ బడాయి నా నోటితో చెప్పుకుని ఒక ప్రాణం తీశాను. శ్యామలాంబమ్మ ఎదురుపడితే ఏ మొహం పెట్టుకుని నిలబడను?"

చెంచురామయ్య గోడకు ఆనుకుని కూలబడ్డాడు.

హయాత్ చేతులకున్న గ్రీజు గుడ్డతో తుడుచుకున్నాడు. లోపలికి వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చి అతని పక్కన పెట్టాడు. ఆ రోజు తర్వాత మొదటిసారి తల ఎత్తి చూశాడు.

"కప్పులు నేను గెలిచినవే బాబాయ్," అన్నాడు, "నొప్పులు పడుతున్న కరీమున్‌ని బండిలో ఉంచి మా అమ్మ ఆ అంబాసిడర్ అడగబోతే, కొత్త కారుకింకా పూజ కాలేదు, పురిటి నెత్తురు పడకూడదని గేటేసుకున్నాడు ఆ లక్ష్మీనరసింహం."