ఊగే మిషనా, తిరిగే మిషనా?

"దొంగలు! ఇంటినిండా దొంగలే! నా కారు తలుపు మీద గీత పెట్టిందెవరు? తప్పు చెయ్యడం కంటే దాన్ని దాచిపెట్టడం పెద్ద తప్పు. ఎవరని తేలితే వాళ్లు ఈ ఇంట్లో ఉండరు, అంతే!"

మామగారు రిటైరైన హెడ్మాస్టరు. వాకిట్లో నిలబడి అరిచారంటే వీధి చివరింట్లో కూడా టీవీ సౌండు తగ్గిపోవాల్సిందే. పెద్దరికం ఉన్నవాళ్ల అరుపుకి సాక్ష్యం ఎవడు అడుగుతాడు!

పైవాటాలో కాపురముంటున్న అల్లుడు కిటికీ చాటుకి నక్కాడు. ఆ గీత పెట్టింది తనే మరి. ముందురోజు మామగారు కునుకు తీస్తుంటే తాళాలు కొట్టేసి, సరదాగా ఒక్క చుట్టు తిప్పుకొచ్చి, కారుని గేటుకి రాసేశాడు.

ఏం చేస్తాడు పాపం! కళ్లజోళ్ల షాపు నడుపుకునే ఆ మనిషికి కార్లంటే పిచ్చి. ఒకప్పుడు సొంత కారే ఉండేది. ముచ్చటపడి దానికి చిలకాకుపచ్చ రంగు వేయించుకున్నాడు. ఊళ్లో అలాంటిది ఇంకొకటి లేదు. పెళ్లయిన కొత్తలో దాన్ని ఎవడో వీధిలోంచే ఎత్తుకుపోయాడు.

"ఆ రంగు చూసి కూడా ఎత్తుకుపోయాడంటే వాడికి కళ్లు లేవోయ్ అల్లుడూ! ఎప్పటికైనా జోడు కోసం నీ షాపుకే వస్తాడు చూడు" అని మామగారు భోజనాల దగ్గర ఇప్పటికీ పగలబడి నవ్వుతారు. ఆ తర్వాత ఆయన కొన్నదీ అదే కంపెనీ కారు. సెకండ్ హ్యాండ్‌ది, తెల్లది. దాన్ని ఎవరినీ తుడవనివ్వరు, బానెట్ ఎత్తనివ్వరు. కన్నకూతుర్ని కూడా అంత భద్రంగా పెంచలేదు.

ఆ కన్నకూతురే ఇప్పుడు మొగుడి చొక్కా పట్టుకుని ఊపేసింది. "ఏమండీ, నాన్న లైబ్రరీకి వెళ్లారు. వచ్చేలోపల గీత మాయం కావాలి. లేదంటే మనం సామాన్లు సర్దుకోవాలి!"

అల్లుడు కారు సామాన్ల షాపుకి పరిగెత్తాడు. గీతలు పోగొట్టే పాలిష్ మిషన్లు వరసగా కనబడేసరికి భయం కాస్తా ఎగిరిపోయింది. బొమ్మల దుకాణంలో వదిలిన పిల్లాడైపోయాడు.

"మొదటిసారా సార్?" అన్నాడు షాపతను.

"చేత్తో పట్టడం మొదటిసారి. వీడియోలు చూడ్డంలో సీనియర్ని."

"అయితే ఈ ఊగేది తీసుకోండి. తిరుగుతూనే అటూ ఇటూ ఊగుతుంది. గట్టిగా నొక్కితే దానంతటదే తిరగడం మానేస్తుంది. రంగుకి ఢోకా లేదు. కాకపోతే కాస్త నిదానం."

"మరి అది?"

"అది ఊగదు, గిర్రున తిరగడమే. గీత చిటికెలో పోతుంది. చెయ్యి తడబడితే రంగూ పోతుంది, అంచుల దగ్గర మరీను. కొత్తవాళ్లకి వద్దు సార్."

నిదానమట నిదానం! అవతల మామగారు పేపర్లన్నీ నమిలేసి వచ్చేస్తుంటే!

"ఆ గిర్రుమనేదే ఇవ్వండి."

ఇంటికొచ్చి కారు తలుపు మీద పాలిష్ క్రీము పూశాడు. స్విచ్ నొక్కాడు. ఓహో! గీత నిజంగానే మాయం. తలుపు అద్దమైపోయింది, అందులో తన మొహమే ఇకిలిస్తోంది. ఇక ఆగితేగా! ఈలవేస్తూ, నడుం ఊపుతూ, మిషన్‌తో జంటగా గంతులేశాడు.

"ఏమండీ, చాలండీ!"

"ఉండవే! తలుపంతా ఒకేలా మెరవాలి."

గేటు ధడేలుమంది. "ఆపు! దాని మీద మిషన్ పెట్టమని నీకెవరు చెప్పారు?"

అల్లుడు అదిరిపడ్డాడు. చెయ్యి జారి, మిషన్ తలుపు అంచు మీద కూర్చుంది. గుప్పున కాలిన వాసన. తెల్ల రంగు లేచిపోయింది.

అయిపోయింది. పైవాటా పోయింది. కళ్లు గట్టిగా మూసుకుని కక్కేశాడు. "గీత పెట్టింది నేనే మామయ్యగారూ! తాళాలు తీసిందీ నేనే, దాచిందీ నేనే!"

అరుపు రాలేదు.

"ఫరవాలేదులే అల్లుడూ..." మామగారి గొంతు పిల్లిలా ఉంది. "రంగే కదా, పోతే పోయింది. నువ్వు లోపలికి పద. దాని మీద గుడ్డ కప్పేస్తాను."

అంత మెత్తగా ఆయన ఎన్నడూ మాట్లాడలేదు. అల్లుడు మెల్లగా కళ్లు తెరిచాడు. పెళ్లాం నోరు వెళ్లబెట్టి తలుపు అంచునే చూస్తోంది. తనూ చూశాడు.

తెలుపు కింద నిగనిగలాడుతూ చిలకాకుపచ్చ!

"మామయ్యగారూ, ఎవరి తప్పు పెద్దదో తర్వాత తేల్చుకుందాం. ముందు నా కారు తాళాలు ఇలా పెట్టండి!"