మా తాత రావణాసురుడు

నేనొక మేకపోతుని. తోలుబొమ్మలాడించే యల్లోజి పెరట్లో పుట్టాను. ఒక సాయంత్రం ఆట చూస్తుంటే, తెర మీద రావణాసురుడి ఛాతీకి అడ్డంగా పెద్ద కుట్టు కనిపించింది. మా తాతకు ముళ్లకంచె గీరుకున్న చోటే అది. మా మందలో ఆ మచ్చ తెలియనివాళ్లు లేరు.

ఇక నా కాళ్లు నేల మీద నిలవలేదు. మాది మేకల వంశం కాదు, కళాకారుల వంశం! అరవడం మానేశాను. గడ్డం ఎగరేసి లంకేశుడిలా నడిచాను. తల వంచి మేయడం నామోషీ అనిపించి ఆకలికి మాడాను.

"ఒరే, మీ తాత ఎత్తుకొచ్చింది తుమ్మకాయల్నే గాని సీతను కాదురా," అంది మా పుల్లత్త.

ఆ ముసలిమేకకు కళంటే ఏం తెలుసు! నేరుగా వెళ్లి యల్లోజికి నా నడక చూపించాను. ఆయన నా వీపు ఆప్యాయంగా నిమిరాడు. "భలే ఉన్నావురా! కుంభకర్ణుడి బొమ్మ చిరిగిపోయింది. నువ్వు సరిగ్గా సరిపోతావు," అన్నాడు.

ఎగురుకుంటూ వచ్చి అత్తకు చెప్పాను.

"ఆయనకు నచ్చింది నీ నడక కాదు నాయనా, నీ తోలు," అంది అత్త.

అప్పుడే కంచె దూకేశాను. ఇప్పుడు ఊరవతల గుట్ట మీద ఉంటున్నాను. కళాభిమానం మాత్రం చావలేదు. ఆట ఉన్నప్పుడల్లా దూరం నుంచే చూస్తాను. తెర మీద మా తాత యల్లోజి గొంతుతో గర్జిస్తాడు, పద్యాలు పాడతాడు. సొంత గొంతుతో ఒక్కసారీ అరవడు. అందుకే ఆయన నేలకొరిగే వేళకు గుట్ట మీంచి నేనే "మే..." అంటాను. జనం పగలబడి నవ్వి చప్పట్లు కొడతారు.

మా వంశంలో తోలు ఒంటి మీద ఉండగా చప్పట్లు కొట్టించుకున్నది నేనొక్కణ్ణే.