ఇంకో టేకు

"కట్! సచ్చిపోయినాక కండ్లు తెరిస్తే ఎట్ల పెద్దమ్మా?" ఫోను కెమెరా పట్టుకున్న బాలరాజు విసుక్కున్నాడు.

యూట్యూబు సినిమాలో ప్రాణం వదిలే తల్లి వేషానికి, ఆలూరులో పత్తి ఏరే సారమ్మను పిలిపించారు. కూతురి వేషం పుష్పది. ఇప్పటికి నాలుగు టేకులు పాడయ్యాయి.

"మరిసిపోయినానప్పా. మల్లా తీయి," అంటూ సారమ్మ మంచం మీద సర్దుకుంది.

పుష్ప ఆమె చేయి పట్టుకుంది. గరుకు వేళ్లు గట్టిగా బిగుసుకున్నాయి.

"ఇంటికాడ ఎవురుండారు పెద్దమ్మా?"

"ఎవురుండారు పాపా! నువ్వు అమ్మా అని పిలువు, సాలు."

ఐదో టేకులో పుష్ప "అమ్మా, అమ్మా" అని ఏడ్చింది. సారమ్మ రెప్ప కూడా కదపలేదు.

"ఓకే! బాగొచ్చింది," అన్నాడు బాలరాజు.

సారమ్మ మెల్లగా చేయి వెనక్కి తీసుకోబోయింది. పుష్ప వదల్లేదు.

"నేను సరిగా ఏడ్సలేదన్నా. ఇంగోసారి తీద్దాం."