పురిటి నిప్పు

హెలికాప్టర్ రెండోసారీ దిబ్బమీదికి వచ్చి, తడబడినట్టు ఆగి, వెనక్కి మళ్లింది. కన్నమ్మ నెగడులో ఇంకో కట్టె వేసింది. చుట్టూ గోదావరి వరద. పక్కన పొద్దుటి నుంచి నొప్పులు పడుతున్న కోడలు సమ్మక్క.

"మంట ఆర్పమ్మా. ఇంకొక్కసారే వస్తరట," అన్నాడు వైర్‌లెస్ సెట్టు చెవికి ఆనించుకున్న కానిస్టేబుల్ కిషోర్.

"ఆర్పితే మేమున్నట్టు వాళ్లకెట్ల తెలుస్తది సార్?"

"చీకట్ల కానొచ్చే అద్దాలు పెట్టుకున్నరు. మంట ఉంటే గా అద్దాలల్ల అంతా తెల్లగైతదట. దిగలేరట."

"ఇది పురిటి నిప్పు. బిడ్డ పుట్టేదాక ఆరొద్దు. నా తొలిచూలప్పుడు వానకు ఆరింది. పిల్ల దక్కలే."

"అత్తా," అంది సమ్మక్క పీలగొంతుతో. "నిప్పు బతకాల్నా, నేను బతకాల్నా?"

కన్నమ్మ బిందెలోని నీళ్లు తనే నెగడు మీద కుమ్మరించింది. నిప్పు సుయ్‌మంది. చీకట్లో తడుముకుంటూ కోడలి చెయ్యి పట్టుకుంది.

పైన చప్పుడు ఈసారి మళ్లలేదు. నెత్తిమీదికే దిగుతోంది.

"నాకైతే నువ్వు కానొస్తలేవు బిడ్డా," అంది కన్నమ్మ. "వాళ్లకు కానొస్తున్నవ్."