మసక జాబితా

“ఆఫీసులోనే కాపురం పెట్టేశారా సార్?” పరుపు చుట్టి బీరువా వెనక్కి తోస్తున్న సీనియర్‌ని చూసి కొత్తగా చేరిన అమ్మాయి నవ్వింది.

ఆయన నవ్వలేదు. “పైనుంచి జాబితా వచ్చింది. మ్యాప్ సర్వర్‌లో ఈ స్థలాల నంబర్లు కొట్టి, ఆ చోట్లు జనానికి కనపడకుండా మసక చేసెయ్. ఉపగ్రహం తీసిన ఫొటో మాత్రం తెరిచి చూడకమ్మా.”

“నేను చేరకముందు, పోయిన నెల మీరు మసక చేసిన వీధిలో ఇప్పుడేముంది సార్?”

“ఏముంటుంది? బుల్డోజర్లు వచ్చి వెళ్లాక మట్టే.”

ఆమె ఉండబట్టలేక మొదటి నంబరు తెరిచింది. డాబా మీద నీలం ట్యాంకు, పక్కనే అమ్మ ఆరేసిన పసుపు దుప్పటి.

“సార్... ఇది మా ఇల్లు!”

“చూడొద్దన్నది అందుకే.” ఆయన చూపు బీరువా వెనకున్న పరుపు మీదికి పోయింది. “పోయిన నెల మా వీధిని నేను చూడకుండానే మసక చేశాను తల్లీ.”