గింత తొట్టికి గంత లైటు

“వైరు నీళ్లల్ల పడ్డదనుకో, చేపలతోని మనం గూడ పోతం. తర్వాత నాకు చెప్పలేదనొద్దు!”

లైట్లు చూపించడానికి వచ్చిన ఖాలిక్ ఇంకా సంచి జిప్పు కూడా తీయలేదు. వినోద అప్పటికే ఆ మాట అంటూ అందరి కాళ్లకూ రబ్బరు చెప్పులు తొడిగించింది. మచ్చ బొల్లారంలోని ఆ రెండు గదుల ఇంట్లో, చిన్న చేపల తొట్టి చుట్టూ ఖాలిక్, వినోద, ఆమె కూతురు అమూల్య చెప్పులతో నిలబడ్డారు. పక్కనే మంచం మీద అత్త సిద్దమ్మ నోటికి కొంగు అడ్డం పెట్టుకుని కూర్చుంది.

“అక్కా, మేడ్చల్‌ల నేను దుకాణం పెట్టినకాంచి లైటు కొని ఎవ్వలు సావలే,” అన్నాడు ఖాలిక్. “ఇగో, క్లిప్పు లైటు. అగ్గువకొస్తది. తొట్టి అంచుకు పట్టిస్తె అయిపాయె.”

“అగ్గువదంటె పటాకి లెక్క పేల్తదేమో?”

“పేలదక్కా.”

లైటు వెలిగింది. రెండు బంగారు చేపలు తళుక్కుమన్నాయి. అమూల్య చప్పట్లు కొట్టింది.

“రాత్రంత ఎలుగుంటె వాటికి నిద్రెట్ల పడ్తది?” అంది వినోద.

“బంద్ చేస్తం గదనే, అమ్మా!”

“అత్తమ్మా, గీ లైటు మంచిగుందా?”

సిద్దమ్మ తల అడ్డంగా ఊపింది.

వినోదకు భయమేసింది. లైటు నచ్చనందుకు కాదు. మాట్లాడితే వాడకట్టు మొత్తానికీ వినపడే మనిషి, పొద్దున్నుంచి పెదవి విప్పలేదు. రొట్టె ముట్టలేదు. ఛాయ్ మాత్రం తాగింది.

“అవ్వ అలిగింది,” అంది అమూల్య. “తొట్టి మంచం పక్కన పెట్టినమని.”

“అలిగితె తిడ్తది గద! తిట్టకుంట ఎన్నడన్న అలిగిందా? మాట పడిపోయిందేమోనే! అత్తమ్మా, ఓసారి నాలుక చాపు.”

సిద్దమ్మ కొంగును నోటికి ఇంకా గట్టిగా అదుముకుంది.

“చూసినవా? నోరు తెరవొస్తలేదు!”

ఖాలిక్ గాభరాగా రెండో లైటు పెట్టాడు. తొట్టి పొడవునా పరుచుకునే నీలం పట్టీ అది. నీళ్లు, గోడ, వినోద ముఖం అన్నీ నీలంగా మారిపోయాయి.

“గిదే! గిదే కావాలె!” అమూల్య గంతులేసింది.

“నీలం లైటు చూస్తె కండ్లు పోతయంట. రేపు కండ్లకోయ పోయే కాలేజ్ బస్సు కనవడకుంటె ఎట్లెక్కుతవ్?”

సిద్దమ్మ మళ్లీ తల అడ్డంగా ఊపింది. ఈసారి మంచం దిగొచ్చి, గుమ్మం దగ్గర ఖాలిక్ ఆనించిన పెద్ద లైటును వేలితో చూపించింది.

ఖాలిక్ పకపకా నవ్వాడు. “అవ్వా, అది శామీర్‌పేట్‌ల పెండ్లి టెంటుకు తీస్కపోతున్న ఫోకస్ లైటు. గది పెడితె నీ చేపలు ఫ్రై అయితయ్!”

సిద్దమ్మ లైటును చూపించింది. తొట్టిని చూపించింది. మళ్లీ లైటును చూపించింది.

“అయిపాయె! దిమాగ్‌కు ఎక్కింది!” వినోద నెత్తి పట్టుకుంది. “అమూల్యా, మీ నాయినకు ఫోన్ చెయ్యి. 108 కొట్టు. ఖాలిక్ భాయ్, నువ్వు కాళ్లు పట్టు, నేను రెక్కలు పడ్త!”

పాపం, ఖాలిక్ నిజంగానే కాళ్లు పట్టుకోబోయాడు. సిద్దమ్మ ఒక్క తన్ను తన్నింది.

“కాళ్లు మస్తు పనిజేస్తున్నయక్కా!” అన్నాడు మోకాలు రుద్దుకుంటూ.

అమూల్య నవ్వు ఆపుకోలేక మంచం మీద దొర్లింది. వినోదకు మాత్రం ఏడుపొచ్చేసింది. అత్త ముందు కూలబడి ఆమె చేయి పట్టుకుంది.

“నీకు దండం పెడ్త అత్తమ్మా. తిట్టు. నన్నే తిట్టు. ఏదో ఒకటి అను. గింత తొట్టికి గంత లైటెందుకు?”

అమూల్య నవ్వు ఆగిపోయింది. సిద్దమ్మ ఖాలిక్ వైపు చూసింది. మనవరాలి వైపు చూసింది. కోడలి కళ్లలో నీళ్లు చూసింది. మెల్లగా కొంగు దించింది.

“రాత్రి చీకట్ల నా గిన్నె అనుకోని, కట్టుడు పండ్ల సెట్టు గీ తొట్టిలనే ఏసిన. రాళ్లల్ల ఏడ పడ్డదో, చిన్న లైటుకు ఎట్ల కనవడ్తదే!”